ఇచ్చిన చేతి లెక్క కూడా అడగాలి

(నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయ హాలులో, స్వచ్ఛంద సంస్థల్లో పద్దులు రాసే ఒక ఉద్యోగిని చేసిన ప్రసంగం. రికార్డింగు విని ఎత్తిరాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మబ్బు పట్టి ఉన్నా ఇంతమంది వచ్చారు, సంతోషం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి నాయనా, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

హక్కుల సంఘాలకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు మీద పార్లమెంటు నిఘా. కరపత్రంలో నా అంశాన్ని అట్లా వేశారు. నిఘా అనే మాట నేను వాడను. నిఘా పోలీసులు పెడతారు. చట్టసభ చేసేది లెక్క అడగడం. సంతకు పోయొచ్చిన మనిషిని ఇంట్లో కూడా అడుగుతాం గదా, ఎంత తీసుకుపోయావు, ఎంత మిగిలింది అని. అందులో తప్పు లేదు. ప్రజల డబ్బు తీసుకున్న సంఘం ప్రజలకు లెక్క చెప్పాల్సిందే. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. ముప్పై ఏళ్లుగా నా చేత్తో రాసిన క్యాష్‌బుక్కులు బీరువా నిండా ఉన్నాయి.

కానీ లెక్క అడిగేటప్పుడు మన చూపంతా తీసుకున్న చేతి మీదే ఉంటుంది. ఇచ్చిన చెయ్యి ఎప్పుడిచ్చింది, ఎందుకు ఆలస్యం చేసింది, ఎందుకు ఆపింది, ఎవరికి ఇవ్వనంది? ఆ లెక్క అడిగేవాళ్లు లేరు. నా బాధంతా అదే.

ముందు మన జిల్లా సంగతి చెప్తా. పెద్దవాళ్లకు గుర్తే ఉంటుంది, పిల్లల కోసం చెప్పాలి.

1991. నాకు పంతొమ్మిదేళ్లు. కలిగిరి దగ్గర మా మేనత్త వాళ్ల ఊళ్లో ఉన్నా. పెద్దవాళ్లకు రాత్రిపూట అక్షరాలు నేర్పే అక్షరదీపం కేంద్రానికి వాలంటీరు కావాలంటే నేను చేస్తానన్నా. జీతం లేదు. ఒక లాంతరు, పలకలు, సుద్దముక్కలు, వాచకాలు ఇచ్చారు. కిరసనాయిలు డీలరు దగ్గర అడిగి తెచ్చుకోవాలి. ఆడవాళ్లు అన్నాలు పెట్టి, అంట్లు తోమి, చంటిబిడ్డల్ని పండేసి, ఎనిమిదిన్నర దాటినాక రామాలయం అరుగు మీదికి వచ్చేవాళ్లు. నాట్లకు పోయొచ్చిన రోజైతే కళ్లు మూతలు పడుతుండేవి.

ఆ వాచకంలో సారా వల్ల కాపురం కూలిపోయిన ఒక ఆడమనిషి కథ ఉంది. ఒక రాత్రి నలభై ఏళ్ల ఒకామె ఆ పాఠం మీద వేలు పెట్టింది. నాకు ఆ వేలు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. గోరు చుట్టూ మడిబురద ఎండిపోయి నల్లటి గీత. 'సా' అంది. ఆగింది. 'రా' అంది. తలెత్తి నా వంక చూసి, "దీన్ని చదవాల్నా పాపా, రోజూ చూస్తానే ఉండాం గదా" అంది. అరుగు మీద ఒక్కరూ నవ్వలేదు. ఆ రాత్రి పాఠం ముందుకు జరగలేదు. ఎవరి ఇంటి సంగతి వాళ్లు చెప్పుకున్నారు, లాంతరులో చమురు అయిపోయిందాకా.

మాకు నాలుగు ఊళ్ల అవతల దూబగుంట. అక్కడి ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకుండా అడ్డం నిలిచారని విన్నాం. ఆ తర్వాత సంగతి లోకమంతా తెలిసిందే. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి, కలెక్టరాఫీసు ముందు ఆడవాళ్లు బైఠాయించి కూర్చున్నారు. 1993 ఏప్రిల్ 15న మన జిల్లాలో సారా నిషేధించారు, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు.

ఇప్పుడు నేను అడిగేది డబ్బు సంగతి. ఆ లాంతరు ఎవరి డబ్బు? ఆ వాచకం ఎవరి డబ్బు? 1988లో కేంద్రం పెట్టిన జాతీయ అక్షరాస్యతా మిషన్‌ది. కేంద్రం, రాష్ట్రం కలిపి ఇచ్చిన డబ్బు, కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా సాక్షరతా సమితి చేతి మీదుగా పల్లెకు వచ్చింది. జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాల వాళ్లు తిరిగి, నేర్పించి, మమ్మల్ని నిలబెట్టారు. ఇక సారా ఎవరిది? ప్రభుత్వం వేలం వేసి అమ్మించేది. వారుణి వాహిని అని పేరుపెట్టి ప్యాకెట్లలో ఊరూరికీ పంపిన సారా. అంటే ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చిన డబ్బుతో అక్షరం నేర్చుకున్న ఆడవాళ్లు, అదే ప్రభుత్వం రెండో చేత్తో అమ్ముతున్న సారాను ఆపారు.

చెప్పండి, ఆ డబ్బు దారి తప్పినట్టా?

అప్పట్లో దారి తప్పిందనే అన్నారు. చదువు చెప్పమంటే ఉద్యమం చేయిస్తున్నారన్నారు. సారా మీద ఉన్న పాఠాలను వాచకం నుంచి తీయించారు. ఆ తీయించడానికి ఎవరు లెక్క చెప్పారు? లాంతర్ల లెక్క మమ్మల్ని అడిగారు. మా అక్షరదీపం కేంద్రానికి ఎన్ని పలకలు వచ్చాయి, ఎన్ని పగిలాయి, అన్నీ రాసిచ్చాం. పాఠం తీసేయమని ఎవరు చెప్పారు, ఏ ఫైలులో ఏ కారణం రాశారు? ఆ కాగితం మా అరుగు మీదికి రాలేదు.

సరే, లెక్క అడిగే పద్ధతి ఎట్లా ఉంటుందో చెప్తా. కొంచెం పొడిగా ఉంటుంది, ఓపిక పట్టండి. ప్రభుత్వం సంఘానికి గ్రాంటు ఇస్తే, ఏడాది తిరిగేలోపు వినియోగ పత్రం ఇవ్వాలి. మేమంతా యూసీ అంటాం. యూసీ పోకపోతే తర్వాతి కిస్తు రాదు. ఆపైన కాగ్, అంటే ప్రభుత్వ పద్దులను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ. 1971 నాటి కాగ్ చట్టంలో 14వ సెక్షన్ ఉంది. ఒక సంస్థకు ఏడాదిలో 25 లక్షలకు తగ్గకుండా ప్రభుత్వ డబ్బు వచ్చి, అది ఆ సంస్థ ఖర్చులో 75 శాతానికి తగ్గకపోతే కాగ్ ఆ సంస్థ పుస్తకాలు తెరిచి చూస్తుంది. కాగ్ నివేదిక పార్లమెంటు బల్ల మీదికి పోతుంది. అక్కడి నుంచి ప్రజాపద్దుల సంఘానికి, అదే పీఏసీకి. లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి ఏడుగురు. 1967 నుంచి ప్రతిపక్షం మనిషిని అధ్యక్షుడిగా పెట్టే ఆనవాయితీ ఉంది. మంచి ఆనవాయితీ.

ఇక మామూలు మనిషి చేతిలో ఉన్న ఆయుధం సమాచార హక్కు. ప్రభుత్వం గణనీయంగా డబ్బిచ్చే స్వచ్ఛంద సంస్థ కూడా ఆ చట్టం కిందికి వస్తుందని 2005 చట్టంలోనే ఉంది. 2019లో డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త విప్పి చెప్పింది. గణనీయం అంటే సగానికి పైన ఉండాలనేం లేదు, ఊళ్లో ఖరీదైన స్థలం ఊరికే ఇచ్చినా, నామమాత్రపు ధరకు ఇచ్చినా అదీ ప్రభుత్వ సాయమే అవుతుంది అని. కాబట్టి మా లాంటి సంఘాలను లెక్క అడగడానికి దారుల్లేవని ఎవరన్నా అంటే నమ్మొద్దు. దారులున్నాయి. ఉండాలి కూడా. దేశంలో రిజిస్టరైన సుమారు 30 లక్షల సంఘాల్లో పదో వంతు కూడా ఏటా లెక్కలు దాఖలు చేయడం లేదని సీబీఐ సుప్రీంకోర్టుకు చెప్పింది, 2017లో కోర్టు గట్టిగా మందలించింది. బోర్డు మాత్రమే ఉన్న సంఘాలను, ఒకే ఫోటో మూడు రిపోర్టుల్లో అతికించిన సంఘాలను నేను చూశా. వాటి వల్ల నిజంగా పనిచేసేవాళ్ల నోరు కూడా పడిపోతోంది.

తప్పు మా వైపు కూడా జరిగింది. అది దాచుకుని మిమ్మల్ని లెక్క అడగమనడం న్యాయం కాదు గనక చెప్తున్నా.

1998 మార్చి. అప్పటికి ఒక చిన్న సంఘంలో పద్దులు రాస్తున్నా. యానాది కాలనీల్లో చట్టాల మీద అవగాహన సభలు పెట్టే పని. గ్రాంటు మంజూరు ఉత్తర్వు ముందటేడు జూన్‌లో వచ్చింది. డబ్బు మాత్రం మార్చి 19న చేతికందింది. ఏడాది డబ్బు పన్నెండు రోజుల్లో ఖర్చుపెట్టాలి, 31 దాటితే వెనక్కి పోతుంది. చేయగలిగినన్ని సభలు చేశాం. ఒక సభ మిగిలిపోయింది, ఏప్రిల్ మొదట్లో పెట్టాం. 52 మందికి భోజనాలు, మనిషికి 18 రూపాయల చొప్పున 936 రూపాయలు. ఆ బిల్లు మీద మార్చి 29 తేదీ వేయించింది నేనే. మెస్సాయన దగ్గర కూర్చుని నా పెన్నే ఇచ్చి వేయించా.

ఆడిటుకు వచ్చినాయన నెమ్మదైన మనిషి. ఆ వోచరు దగ్గర ఆగి, క్యాలెండరు తెప్పించి, "అమ్మా, ఇది ఆదివారం. ఈ మెస్సు ఆదివారం మూసేస్తారు గదా" అన్నాడు. నా చెవుల్లో రక్తం కొట్టుకున్న చప్పుడు నాకే వినపడింది. జరిగింది జరిగినట్టు చెప్పేశా. సభ జరిగింది, జనం తిన్నారు, తేదీ మాత్రం అబద్ధం. 936 రూపాయలూ చలానా కట్టి వెనక్కిచ్చాం. అది న్యాయమే. ఆయన్ని నేను ఈ రోజుకీ గౌరవిస్తా.

కానీ ఆయన ఆడిట్ నోట్‌లో మా 936 రూపాయలు ఎక్కాయి. జూన్‌లో మంజూరైన డబ్బు మార్చి 19 దాకా ఏ బల్ల మీద పడుకుంది అనే ప్రశ్న ఎక్కలేదు. తొమ్మిది నెలల ఆలస్యానికి వోచరు ఉండదు. వోచరు లేనిదానికి అభ్యంతరమూ ఉండదు.

ఇచ్చిన చేతిని అడిగితే ఎట్లా ఉంటుందో చూపించే ఉదంతం ఒకటుంది. అది మన దేశంలో జరగలేదు, కెనడాలో జరిగింది. పేర్లు కొత్తగా ఉన్నా సంగతి మనకు బాగా అర్థమవుతుంది.

అక్కడ కైరోస్ అని చర్చిల ఉమ్మడి సంస్థ ఉంది. ఇతర దేశాల్లో మానవ హక్కుల కోసం పనిచేసే బృందాలకు తోడ్పడేది. ఆ దేశపు అభివృద్ధి సాయం సంస్థ నుంచి దాదాపు 35 ఏళ్లుగా డబ్బు తీసుకుంటోంది. 2009లో మళ్లీ నాలుగేళ్లకు సుమారు 70 లక్షల డాలర్లు అడిగింది. అధికారులు చూశారు, బాగుంది ఇవ్వవచ్చు అని సిఫార్సు రాసి, ఇద్దరు పెద్ద అధికారులు సంతకాలు పెట్టి మంత్రి దగ్గరికి పంపారు. మంత్రి పేరు బెవ్ ఓడా. 2009 నవంబరు చివర్లో కైరోస్‌కు కబురొచ్చింది, డబ్బు లేదని.

ఎందుకు లేదంటే, మా ప్రాధాన్యాలకు సరిపోలేదు అన్నారు. అధికారులే అట్లా తేల్చారన్నట్టుగా సభకు జవాబు వెళ్లింది. ఇంకో మంత్రి విదేశం వెళ్లి వేరే కారణం చెప్పారు, ఆ సంస్థ ఇజ్రాయెల్‌కు వ్యతిరేకంగా పనిచేస్తోందని. కైరోస్ అది నిజం కాదంది. ఏ కారణం నిజం? ప్రతిపక్ష సభ్యులు అడిగీ అడిగీ, చివరికి అసలు కాగితం బయటికి వచ్చింది.

ఆ కాగితం మీద టైపు చేసిన సిఫార్సు వాక్యం ఉంది. ఆమోదిస్తున్నట్టు మంత్రి కింద సంతకం చేయాలి అని. ఆ వాక్యం మధ్యలో చేత్తో రాసిన ఒక చిన్న మాట ఇరికించి ఉంది. నాట్. మూడే అక్షరాలు. ఇంగ్లిషులో ఆ మాట పడితే అర్థం తలకిందులైపోతుంది. కింద అధికారుల సంతకాలు అట్లానే ఉన్నాయి. అంటే వాళ్లే వద్దన్నట్టు కనపడుతోంది. వాళ్లు సంతకం పెట్టేనాటికి ఆ మాట అక్కడ లేదు.

2010 డిసెంబరు 9న పార్లమెంటు కమిటీ మంత్రిని కూర్చోబెట్టి అడిగింది, ఆ మాట ఎవరు రాశారు అని. తెలియదన్నారు. 2011 ఫిబ్రవరి 14న అదే మంత్రి సభలో లేచి, ఆ మాట చేర్చమన్నది నేనే అని చెప్పారు. మార్చి 9న స్పీకర్ పీటర్ మిల్లికెన్, ఇందులో సభాహక్కుల ఉల్లంఘన పైకి కనపడుతోంది, విచారించాల్సిందే అని రూలింగు ఇచ్చారు. ఆ విచారణ పూర్తి కాలేదు. అదే నెలలో ప్రభుత్వం పడిపోయి, సభ రద్దయి ఎన్నికలొచ్చాయి.

పద్దులు రాసే మనిషిగా నాకు ఆ కాగితం గురించి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. మేం ఒక్క అంకె కొట్టేసి పైన రాస్తే పక్కన పొట్టి సంతకం పెట్టాలి, లేకపోతే వోచరు చెల్లదు. వైట్‌నర్ పూస్తే చెల్లదు. కోట్ల రూపాయల నిర్ణయం మీద ఒక మాట ఇరికిస్తే పక్కన సంతకం లేదు. మంత్రికి కాదనే అధికారం లేదని నేను అనడం లేదు. ఉంది. ప్రజలు ఓటేసి పంపిన మనిషి కాదనవచ్చు. కానీ కాదన్నది నేను, ఇదీ నా కారణం అని తన పేరుతో రాయాలి. ఆ కారణాన్ని సభ తూచాలి. సంఘం డబ్బు తినేసినందుకు కాదన్నారా, మాట నచ్చక కాదన్నారా అన్నది అప్పుడే తెలుస్తుంది.

అదే దేశంలో ఇంకొకటి. రైట్స్ అండ్ డెమోక్రసీ అని, 1988లో పార్లమెంటే చట్టం చేసి, ప్రభుత్వ డబ్బుతో నడిపిన హక్కుల సంస్థ. ఇజ్రాయెల్, పాలస్తీనాల్లో పనిచేసే మూడు హక్కుల సంఘాలకు చిన్న చిన్న మొత్తాలు ఇచ్చినందుకు పాలకమండలిలో చిచ్చు రేగింది. 2010 జనవరిలో ఒక వాడివేడి సమావేశం ముగిసిన రాత్రి సంస్థ అధ్యక్షుడు రెమీ బోరెగార్ గుండెపోటుతో చనిపోయాడు. పార్లమెంటు కమిటీ సాక్షుల్ని పిలిచి విచారించింది. 2012లో ప్రభుత్వం సంస్థనే మూసేసింది. దాని గురించి ఎక్కువ చెప్పను. పార్లమెంటు పుట్టించిందైనా సరే, ప్రభుత్వం చేతి కింద ఉన్నంతకాలం గొంతు మీద చెయ్యి ఉన్నట్టే.

ఇక మన పార్లమెంటు. మన పీఏసీ ముందుకు వచ్చి జవాబు చెప్పేది శాఖ కార్యదర్శి. ఆర్థిక కమిటీల ముందుకు మంత్రిని సాక్షిగా పిలవరు. అది మన పద్ధతి. కమిటీ తలుపులు మూసుకుని కూర్చుంటుంది, నివేదిక వచ్చిందాకా లోపల ఏం అడిగారో మనకు తెలియదు. అంటే కెనడా కమిటీ మంత్రి ముఖం మీద అడిగిన ప్రశ్న, 'ఆ మాట ఎవరు రాశారు' అన్నది, మన పీఏసీలో మంత్రిని అడిగే వీలే లేదు. సభలో అడగాలి. సభలో అడగాలంటే పద్దుల మీద చర్చ జరగాలి. 2018-19 బడ్జెట్‌లో ఒక్క శాఖ పద్దు మీద కూడా లోక్‌సభలో చర్చ జరగలేదు. అన్నింటినీ గిలెటిన్ చేసి ఒకేసారి ఆమోదించేశారు.

2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. 20న బిల్లు పెట్టారు, 21న లోక్‌సభ, 23న రాజ్యసభ. స్టాండింగ్ కమిటీకి పంపలేదు. ఆఫీసు ఖర్చులు 50 శాతం నుంచి 20కి దించారు, ఒక సంఘం తీసుకున్న విదేశీ డబ్బు ఇంకో సంఘానికి ఇవ్వకూడదన్నారు, అందరూ ఢిల్లీలో ఒకే బ్యాంకు శాఖలో ఖాతా తెరవాలన్నారు. ఉదయగిరిలోనో దోర్నాలలోనో చెంచుగూడేల్లో పనిచేసే చిన్న సంఘం సాధారణంగా పెద్ద సంఘం చేతి మీదుగా తీసుకునేది. ఆ దారి తెగిపోయింది. 20 శాతంలో జీతాలు ఎట్లా సరిపెడతారు? హక్కుల పనిలో జీతమే పని. వకీలు, తిరిగే కార్యకర్త, రిపోర్టు రాసే మనిషి, వీళ్లే ఖర్చు. బోరింగు పంపులు వేసే సంస్థకు పెట్టిన కొలత మనుషుల పక్కన నిలబడే సంస్థకు పెట్టారు. ఈ మాట కమిటీలో ఒక్క రోజు కూర్చుని విన్నా తెలిసేది.

అదే చట్టాన్ని 2016లో ఒకసారి, 2018లో ఒకసారి ఫైనాన్స్ బిల్లుల్లో పెట్టి పార్టీల కోసం సడలించారు. రెండోసారైతే 1976 నుంచి, వెనక తేదీతో. ఆ ఏడాది ఫైనాన్స్ బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండా పోయింది. నేను 936 రూపాయల బిల్లుకు వెనక తేదీ వేస్తే చలానా కట్టా. కట్టాల్సిందే. నలభై ఏళ్ల వెనక తేదీకి కట్టిన చలానా ఏదీ లేదు. నేను ఏ ఒక్క పార్టీనో అనడం లేదు. 2014లో ఢిల్లీ హైకోర్టు ఆ చట్టాన్ని ఉల్లంఘించాయన్నది దేశంలోని రెండు పెద్ద పార్టీలనూ.

ఆ 1976 గురించి ఒక్క మాట. అత్యవసర పరిస్థితి రోజులు. అదే ఏడాది రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి విదేశీ విరాళాల చట్టం. రెండోది వెట్టిచాకిరి నిర్మూలన చట్టం. ఈ రెండో చట్టం 13వ సెక్షన్‌లో, జిల్లాలో నిఘా కమిటీ వేయండి, అందులో సామాజిక కార్యకర్తలను కూర్చోబెట్టండి అని ఉంది. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టంలో కూడా, స్వచ్ఛంద సంస్థల కృషిని ప్రోత్సహించడం కమిషన్ విధుల్లో ఒకటని 12వ సెక్షన్‌లో రాశారు. అంటే చట్టమే మమ్మల్ని రమ్మని పిలిచింది.

పిలిస్తే వెళ్లిన సంగతి చెప్పి ముగిస్తా.

సముద్రం దాపున రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే యానాది దంపతులు. ఊళ్లు, పేర్లు వద్దు. పన్నెండు వేలు అడ్వాన్సు తీసుకున్నారు, ఆరేళ్లయినా బాకీ తీరలేదు. గుంటగట్టు మీద తాటాకు పాక, లోపల ఒక సత్తు తపేలా, ఒక దోమతెర. పిల్లోడు బడికి పోలేదు, పోతే రాత్రి కాపలాకు మనిషి తగ్గుతాడని. ఆమెకు అంకెలు మా సభలోనే వచ్చాయి. ఒకరోజు యజమాని రాసుకున్న చిట్టా చూసి, "అమ్మా, పన్నెండుకు పక్కన ఇంకో సున్నా పెట్టుండాడు, చూడు" అని నా దగ్గరికి తెచ్చింది. మేం రెవెన్యూ డివిజన్ ఆఫీసులో అర్జీ పెట్టించాం. ఏడు నెలలు తిరిగాక విడుదల పత్రం వచ్చింది. ఆ కాగితం వాళ్లకు ఇప్పుడు దేవుడి పటం పక్కన ఉంది.

ఆ ఏడాది మా రెండో కిస్తు ఆగింది. యూసీ ఇచ్చాం, ఆడిట్ అయింది, అభ్యంతరం ఒక్కటి లేదు. ఏ శాఖో చెప్పను, ఆఫీసుకు పోయి అడిగితే అక్కడాయన అన్నాడు, "మిమ్మల్ని అవగాహన కల్పించమన్నాం గానీ అర్జీలు పెట్టించమన్నామా?" నేను నిలబడే ఉన్నా. మళ్లీ అరుగు మీద ఆ వేలు గుర్తొచ్చింది. అవగాహన వచ్చిన మనిషి అర్జీ పెట్టక ఏం చేస్తుంది? ఆ మాట ఫైలులో రాసివ్వమని అడిగా. రాయలేదు. ఫైలులో 'పరిశీలనలో ఉంది' అని ఉంది. ఆ ఫైలు ఇంకా పరిశీలనలోనే ఉండాలి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలో ఒక యువకుడు: ప్రభుత్వ డబ్బు అసలు తీసుకోకపోతే ఈ గొడవే ఉండదు కదా మేడమ్?)

మంచి ప్రశ్న నాయనా. తీసుకోని సంఘాలున్నాయి. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం ప్రభుత్వ గ్రాంట్లు గానీ విదేశీ నిధులు గానీ తీసుకోదు, సభ్యుల చందాలతో నడుస్తుంది. మన పక్కనే, అప్పట్లో ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలై 17న దళితుల్ని చంపినప్పుడు, ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల వచ్చిన జనానికి అండగా నిలిచినవాళ్లు ఏ గ్రాంటూ చూసుకుని రాలేదు. ప్రభుత్వం మీద నిజనిర్ధారణ చేసే సంఘం ఆ ప్రభుత్వం డబ్బు ముట్టుకోకపోవడమే మేలు. ఇందులో నాకు సందేహం లేదు.

కానీ గుంటగట్టు నుంచి బయటికొచ్చిన కుటుంబానికి ఆర్నెల్లు బియ్యం, పిల్లోడికి హాస్టలు, ఆమెకు మందులు కావాలి. వాటికి చందాలు చాలవు. అది ప్రభుత్వం పెట్టాల్సిన ఖర్చు, వాళ్ల హక్కు. ఆ కిస్తు ఆగినాక మేం పద్ధతి మార్చాం. గ్రాంటు డబ్బుకు ఒక క్యాష్‌బుక్కు, చదువులకూ పునరావాసానికీ మాత్రమే. అర్జీలకూ కోర్టులకూ ఇంకో క్యాష్‌బుక్కు, సభ్యుల చందా నెలకు పది రూపాయలు. ఆ గుంటగట్టు ఆమె కూడా ఇస్తుంది. పూర్తి జవాబు అని చెప్పలేను. ఇబ్బంది పడుతూనే ఉన్నాం.

(ముందు వరసలో ఒక పెద్దాయన: మన ఎంపీని ఏం అడగమంటావమ్మా, అది చెప్పు.)

రాసుకొచ్చా సార్. పార్లమెంటులో ఎంపీ లిఖితపూర్వకంగా అడిగితే మంత్రి లిఖితపూర్వకంగా జవాబివ్వాలి, అది రికార్డులో ఉండిపోతుంది. ప్రశ్న ఇది. 'గత ఐదేళ్లలో హక్కుల అవగాహన, న్యాయ సహాయం, వెట్టి విముక్తి పనులకు ఈ జిల్లాలో ఏయే సంస్థలకు గ్రాంటు మంజూరు చేశారు; మంజూరు తేదీ ఏది, విడుదల తేదీ ఏది; ఎన్నింటికి కిస్తులు ఆపారు; ఆపమని ఆదేశించిన అధికారి హోదా ఏది; ఫైలులో రాసిన కారణం ఏది.' సంఘాల పేర్లు కూడా అడిగా సార్, మాది కూడా రానీయండి.

కాగితం ఈ బల్ల మీద పెడుతున్నా. సంతకం పెట్టదలచినవాళ్లు పెట్టండి. పక్కనే మా క్యాష్‌బుక్కులు రెండూ ఉన్నాయి, పాత దాంట్లో 1998 మార్చి 29 దగ్గర చీటీ పెట్టా. ఎవరైనా తిరగేసి చూడొచ్చు. హాలు ఎనిమిదింటిదాకా మనదే.